మ్యాపు మీద నాయిన వేలిముద్ర

నిన్న మా అమ్మాయికి ఔట్‌లైన్ మ్యాపు కొంటుంటే మనం కలిసి చదివిన మేడ్చల్ బడి గుర్తొచ్చింది. ప్రపంచ పారిశ్రామిక ప్రాంతాలు గుర్తించమనేవారు, యాదికుందా? రూర్, డెట్రాయిట్, ఒసాకా... స్కెచ్ పెన్నుల కోసం ఎంత కొట్లాడుకునేవాళ్లం!

మా నాయిన జీడిమెట్లలో రంగులు తయారుచేసే కంపెనీలో పనిచేసేవాడు. అవ్వ నిమ్మచెక్కతో ఎంత రుద్దినా ఆయన వేళ్లు పసుప్పచ్చగానే ఉండేవి.

ఓ సాయంత్రం నేను మ్యాపు దిద్దుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"గిండ్ల మన జీడిమెట్ల ఏడున్నది బిడ్డా?"

"గది ఉండదు నాయినా. గివన్నీ పెద్ద పెద్దవి."

"గంత పొగ వస్తది, ఎట్లుండదు?" అంటూ హైదరాబాద్ ఉండే చోట వేలు పెట్టాడు. చెమట పట్టిన వేలు. పసుప్పచ్చ మరక పడింది.

"ముట్టకు నాయినా! ఖరాబ్ జేసినవ్!" అని అరిచాను. రబ్బరుతో రుద్దితే కాగితం చిరిగింది గానీ మరక పోలేదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి నా పుస్తకాలను చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూసేవాడు. పదో తరగతి మెమో చేతికిస్తే కూడా, "నువ్వే పట్టుకో బిడ్డా, నేన్ సూస్త" అన్నాడు. పట్టుకో నాయినా అనడానికి నాకు నోరు రాలేదు.

నిన్న ఇంటికి రాగానే బీరువాలోంచి ఆ మెమో తీసి చూశాను. ఒక్క మరక లేదు.