బొగ్గుతో గీసిన రెండు మేజోళ్ళు

మా చిన్నప్పుడు... పని మరిచిపోయే పిల్లలకు ఒకటే మందు. వీపు మీద ఒక్కటి! ఆ మందు మోతాదు మించి తిని మూడో తరగతితోనే బడి మానేసినవాణ్ణి నేను. అయితే ఇది నా ముచ్చట కాదు... మా మనవరాలు స్వప్న చిన్నప్పటిది.

అప్పుడు కొండాపూర్‌లో ఉండేవాళ్ళం. హైటెక్ సిటీ కోసం బండలు పేలుస్తుంటే మా ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. నేను తాపీ మేస్త్రీని. స్వప్నకు ఎనిమిదేళ్ళు. ఎక్కాలు గడగడా చెప్పేది. కానీ బడికి తయారవ్వాలంటే మాత్రం... పళ్ళు తోమడానికి వెళ్ళి నల్లా దగ్గర చీమల వరుస చూస్తూ కూర్చునేది. ఒక మేజోడు కాలికి వేసుకుని, రెండోది చేతిలో పట్టుకునే ఇల్లంతా వెతికేది. రాసిన హోంవర్కు మంచం మీదే ఉండిపోయేది.

పిల్లల ఆటో వచ్చి హారన్ కొడితే నేను ఊరుకుంటానా...

"జర ఆగు యాదగిరీ! మా మహారాణి రెండో మేజోడు ఢిల్లీకెళ్లి రావాలె!"

ఆటోలో పిల్లలంతా ఇకిలించేవాళ్ళు. స్వప్న కూడా నవ్వేది.

ఒక శనివారం యాదగిరి నవ్వలేదు. "మేస్త్రీ, ఈమె వల్ల మిగిలిన పిల్లలు బడిల దెబ్బలు తింటున్నరు. సోమారం లేటయితే నేను ఆగ. ఇగ మీ ఇష్టం."

"ఆటో లేకుంటే గంత దూరం ఎవరు తీస్కపోతరు? బడి మానిపిచ్చి ఇంట్ల కూసోవెడత!" అంది మా కోడలు.

సాయంత్రం స్వప్న నా పక్కన వచ్చి కూర్చుంది.

"తాతా, నేను మొద్దునా?"

"ఎవరన్నరే?"

"అందరు నవ్వుతరు గద... నువ్వు గూడ. నేను యాది పెట్టుకుంట తాతా. ఆడికి పోయినంక... పోతది."

మా పంతులు ముందు నేను చెప్పలేకపోయిన మాట అదే...

నాకు చదువు అంతంతే, మా కూలీల్లో చాలామందికి అదీ లేదు. అందుకే పొద్దున్నే కొత్త గోడ మీద ఆ రోజు పనులు బొగ్గుతో బొమ్మలు గీసేవాణ్ణి. ఇసుక, సిమెంటు మోసే గమేళా, నీళ్ళ డ్రమ్ము... పని కాగానే దాని మీద అడ్డగీత. ఎవరూ ఏదీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. గోడే గుర్తు పెట్టుకునేది.

ఆదివారం మా ఇంటి గోడ మీదా గీశాను. బ్రష్షు, చెంబు, గౌను, మేజోళ్ళు రెండు, బూట్లు, టిఫిన్ డబ్బా, సంచి.

"సున్నమేసి నెల గాలే మామా!" అని కోడలు మొత్తుకుంది.

"తాతా, ఇవి మేజోళ్ళా, కాకరకాయలా?"

"కాకరకాయలే. కాళ్ళకు తొడుక్కో పో."

సోమవారం... ఒక్కో పని చేసి వచ్చి గీత కొట్టడం, తర్వాతి బొమ్మ మీద వేలు పెట్టి చూసుకోవడం, మళ్ళీ పరుగు. రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. నేను నోరెత్తలేదు, గోడ వైపు చెయ్యి చూపించానంతే. హారన్ మోగేసరికి గేటు దగ్గర నిలబడి ఉంది... రెండు కాళ్ళకూ మేజోళ్ళతో!

ఆటో కదిలాక చూస్తే వాటర్ బాటిల్ అరుగు మీదే ఉంది. పట్టుకుని వెనక పరుగెత్తాను.

స్వప్న తల బయటపెట్టి అరిచింది, "తాతా, బాటిల్ బొమ్మ గీసుడు నువ్వే మర్సినవ్!"

ఆటో మొత్తం నన్ను చూసి పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా మా స్వప్న...

ఇప్పుడు ఇలాంటి పిల్లల కోసం డాక్టర్లున్నారు. ఆ మరుపుకు నాకు నోరు తిరగని పేరొకటి ఉందట. మంచిదే. మా ఇల్లున్న చోట అద్దాల మేడ లేచింది... బొగ్గు అంటని గోడలు.

మీ ఇళ్ళల్లో ఒక్క మేజోడుతో తిరిగిన వాళ్ళెవరు? చెప్పండి... ఈసారి నవ్వనులే.