పక్షి వంకర కాదు

మా వార్సితి అక్క బుద్ధెరిగాక ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. ఈ మాట నేననడం కాదు, ఆవిడే చెబుతుంది. కాలికి రాయి తగిలితే ఆ రాయికి చూసి నడవడం రాదంటుంది. అన్నం మాడితే బియ్యం తొందరపడిందంటుంది. ఒకసారి పెళ్ళికి ఒక రోజు ఆలస్యంగా వెళ్ళి, పెళ్ళివాళ్ళే ఒక రోజు ముందు చేసేసుకున్నారని వాళ్ళని నాలుగు దులిపి, మిగిలిన మిఠాయి మూటగట్టుకుని వచ్చింది. ఆడలేనివాళ్ళు మద్దెల ఓడంటారు. మా అక్క బాగా ఆడి కూడా అంటుంది. అదొక్కటే తేడా.

బాగా ఆడేదన్నది మాత్రం అబద్ధం కాదు. మా లాసెం ఊళ్ళో గుడ్డ మీద మైనంతో బాటిక్ గీసే ఆడవాళ్ళు ఇంటికొకరుంటారు. కానీ రాగిముక్కున్న కలం, అదే చాంటింగ్‌లోకి కాగిన మైనం ముంచుకుని వార్సితి అక్క తెల్లగుడ్డ మీద పక్షిని గీస్తుంటే, మేం మా పని మానేసి చూసేవాళ్ళం. మా అమ్మ నన్ను ఆవిడ పనిచేసే బాటిక్ షెడ్డులో చేర్చినప్పుడు, "ఆవిడ చెయ్యి చూసి నేర్చుకో, నోరు చూసి కాదు" అని మరీ చెప్పి పంపింది.

అలాంటి చెయ్యి పద్దెనిమిదేళ్ళు ఆగిపోయింది. కారణం ఒక పక్షి. మా యజమాని, ముసలాయన, నెమ్మదస్తుడు. ఒక రోజు అక్క గుడ్డ పట్టుకుని, "వార్సితీ, ఈ పక్షి కాస్త వంకరగా ఉన్నట్టుందమ్మా" అన్నాడు.

"పక్షి వంకర కాదు. గుడ్డ వంకర."

"గుడ్డ తిన్నగానే ఉంది."

"అయితే మీ మెడ వంకర."

"సరేలే, వంకరేనని ఒక్క మాట అను. ఇక్కడితో వదిలేద్దాం."

అక్క చాంటింగ్ కింద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ చెప్పుల్లో ఒకటి నాది. మర్నాడు వెళ్ళి అడిగితే, నీ చెప్పే వచ్చి నా కాలికి తొడుక్కుంది, దాన్నడుగు అంది.

తర్వాత బజారు సందులో కాఫీ కొట్టు పెట్టుకుంది. మా ఊరి మగవాళ్ళకొక సరదా ఉంది. కాఫీ తాగాక గ్లాసు అడుగున మిగిలిన మడ్డిని పుల్లతో సిగరెట్టు మీద గీతలుగా పూసి, ఆరబెట్టి కాలుస్తారు. వాళ్ళ గీతలు చూస్తే అక్కకి ఒళ్ళు మండేది. "ఇటు తే" అని సిగరెట్టు లాక్కుని, పుల్లతో ఆకులూ తీగలూ వేసి, చివర ఒక పక్షిని కూర్చోబెట్టి ఇచ్చేది.

"మళ్ళీ గీస్తున్నావన్నమాట, అక్కా" అంటే,

"ఎవరు గీస్తున్నారు? మడ్డి పారబొయ్యడం ఇష్టంలేక తుడుస్తున్నాను" అనేది.

అలా పద్దెనిమిదేళ్ళపాటు మా ఊరి మగవాళ్ళు ఆవిడ పక్షుల్ని కాల్చి బూడిద దులిపేశారు. నాకు అది తలుచుకుంటే నవ్వూ వచ్చేది, ఆ బూడిద ఏరుకోవాలనీ ఉండేది.

ముసలాయన పోయాడు. షెడ్డు ఆయన కూతురు లియన్ అమ్మగారి చేతికొచ్చింది. ఒక రోజు పొద్దున్నే, కబురూ కాకరకాయా లేకుండా వార్సితి అక్క షెడ్డులోకి వచ్చేసింది.

"నేను రానంటే రుకినీ లాక్కొచ్చింది" అంది, రుకినీ వదిన చెయ్యి పట్టుకుని ముందు నడుస్తూ.

రుకినీ వదిన అక్కకి చిన్ననాటి నేస్తం. పక్కపక్క ఇళ్ళు. అక్క వెళ్ళిపోయినా తను మాత్రం ఇన్నేళ్ళూ మాతోనే పనిచేస్తోంది. మా పనిలో గుడ్డ ముందువైపు ఒకరు మైనం గీస్తే, వెనకవైపు అవే గీతల మీద ఇంకొకరు మళ్ళీ మైనం పెడతారు. లేకపోతే రంగు లోపలికి దూరిపోతుంది. వెనకటికి అక్క ముందు గీస్తే వదిన వెనక గీసేది. మళ్ళీ అలాగే కూర్చున్నారు. వదిన ముఖం పండగలా ఉంది.

అక్క మొదటి గుడ్డ మాత్రం చూడలేకపోయాం. గీతలు వణికాయి, ఎక్కడపడితే అక్కడ మైనం చుక్కలు. చుక్క పడ్డచోట రంగు పట్టదు, తెల్లమచ్చ మిగిలిపోతుంది. మా పనిలో అంతకన్నా పరువుతక్కువ ఇంకోటి లేదు.

"చెయ్యి మరిచిపోయిందా అక్కా?" అన్నాను మెల్లగా.

"చెయ్యెందుకు మరిచిపోతుందే కస్మీ? చాంటింగ్‌లు పాడుచేసి పెట్టారు మీరంతా. పైగా సరిగ్గా గీసేటప్పుడే ఆ పక్కింటి మేక అరుస్తోంది."

ఆ రోజు నుంచి ప్రతి చుక్కకీ ఒక దోషి దొరికేవాడు. మేక, పొయ్యి పొగ, లియన్ అమ్మగారి సెంటు వాసన, పోయిన ఏడాది వరద. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళినప్పుడు గొడుగు మరిచిపోయి నేను వెనక్కి వచ్చాను. అక్క ఒక్కతే కూర్చుని, ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని, చింకిగుడ్డ మీద ఒకటే గీత గీస్తోంది. గీసిన దాని కిందే మళ్ళీ గీస్తోంది. ఆ మేక అప్పుడు అరవనే లేదు. చప్పుడు చెయ్యకుండా, గొడుగు లేకుండానే వెళ్ళిపోయాను.

వానలు వెనకబట్టేసరికి గీత తిరిగొచ్చింది. ఆకుల అంచులు సన్నగా, పక్షులు నిండుగా, మా పాత వార్సితి అక్కే. కానీ చుక్కలు మాత్రం ఆగలేదు. వింత కాకపోతే అంత చక్కటి గీత పక్కన అంత మొరటు చుక్క ఎలా పడుతుంది? బజారులో మగవాళ్ళు నవ్వుకున్నారు. "ఆ చెయ్యి సిగరెట్లకే సరిపోతుంది" అని ఒకడు ఆవిడ ముందే అన్నాడు. ఒక వంకర పక్షి కోసం యజమానిని ఎదిరించిన మనిషి వాణ్ణి ఏం చేస్తుందోనని నేను భయపడ్డాను. అక్క నింపాదిగా, "మేక వల్ల" అని ఊరుకుంది.

ఆవిడ సాకుల పిచ్చి రుకినీ వదిన పొరపాట్లకి కూడా పాకింది. వదిన కాఫీని గ్లాసు పక్కన బల్ల మీద పోస్తే, "ఈ బల్ల ఒరిగింది" అని అక్క బల్లని కొట్టేది. వదిన గుమ్మానికి తల కొట్టుకుంటే గుమ్మాన్ని తిట్టేది. మేం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్ళం. మాకెవరికీ అంతకు మించి తోచలేదు.

అప్పుడొచ్చింది పెళ్ళిగుడ్డ. పెళ్ళికూతురు కట్టుకునేది, మా ఊరికి పేరు తెచ్చిన కోడిరక్తపు ఎరుపు. లియన్ అమ్మగారు అది అక్కకీ వదినకీ ఇచ్చింది. రంగులో ముంచే ముందు వెలుతురుకి పట్టి చూసింది. ఒక పక్షి తోక పక్కనుంచి చుక్కలు జారుకుంటూ పోయాయి.

"ఇది పెళ్ళివాళ్ళకి ఏ ముఖంతో ఇవ్వను?" అంది. ఆవిడ మంచిదే గానీ, ఆ రోజు గొంతు మారిపోయింది. "ఇన్నాళ్ళూ మేకల కథలు విన్నాను. ఇక చాలు. ఈ చుక్కలు ఎవరి చేతివో వాళ్ళు రేపటినుంచి రానక్కర్లేదు."

రుకినీ వదిన లేచి నిలబడింది. "అమ్మగారూ, అవి..."

"అవి నావి" అంది వార్సితి అక్క.

"ఏమన్నావ్?"

"నా తప్పే అన్నాను. మేకది కాదు, పొయ్యిది కాదు. నా తప్పు. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?"

నా చేతిలో చాంటింగ్ జారి మైనంలో పడింది. పక్షి వంకరని ఒప్పుకోలేక పద్దెనిమిదేళ్ళు కాఫీ అమ్ముకున్న మనిషి, నా తప్పే అంటోంది. అంటే అది ఆవిడ తప్పు అయ్యే ప్రసక్తే లేదు. ఆ సంగతి అక్కడున్న మా అందరికీ ఒక్కసారే అర్థమైపోయింది.

అందరం రుకినీ వదిన వైపు చూశాం. వదిన అక్క గొంతు వచ్చిన వైపు చూస్తోంది, కానీ అక్కని కాదు, అక్క పక్కనున్న స్తంభాన్ని. బల్ల మీద కాఫీ, గుమ్మం, చెయ్యి పట్టుకుని నడిపించుకు రావడం, అన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. వదినకి చూపు ఆనడం లేదు, ఆ చుక్కలు వెనకనుంచి ఆవిడ చేతి నుంచి పడ్డవి. ఈ షెడ్డు తప్ప ఆవిడకి వేరే లోకం లేదు. అక్క మళ్ళీ గీయడానికొచ్చింది ఆవిడ కోసం. చెయ్యి తిరిగొచ్చాక కూడా, రాలేదని ఊరంతా నవ్వుకుంటుంటే నవ్వనిచ్చింది. ఆ మనిషికి అది ఎంత కష్టమో మాకు తెలుసు. నాకు వెళ్ళి కౌగిలించుకోవాలనిపించింది. కానీ కౌగిలించుకుంటే నా భుజం గట్టిగా ఉందని తిట్టేది.

లియన్ అమ్మగారు చాలాసేపు గుడ్డని అటూ ఇటూ తిప్పింది.

"నీ తప్పు కాదు, వార్సితీ" అంది చివరికి. "మైనం మరీ కాగిపోయింది. తప్పు మైనానిది."

"మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా" అంది అక్క వెంటనే.

"మరి మైనం వేడి చూసే మనిషి ఒకరుండాలి. వాసన బట్టి పట్టేవాళ్ళు. రుకినీ, రేపటినుంచి పొయ్యి నీది."

వదిన ముక్కు ఎగబీల్చి, "ఇప్పుడు కూడా ఎక్కువే కాగుతోంది అమ్మగారూ, మంట తగ్గించండి" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

పెళ్ళిగుడ్డ మీద చుక్కలకి అక్క తలా రెండు రెక్కలు గీసి తేనెటీగల్ని చేసింది. పెళ్ళికూతురు తల్లి వాటిని చూసి ఇవెందుకని అడిగితే, పూలుంటే తేనెటీగలు రావా, తప్పు పూలది అందట.

ఆ తర్వాత చుక్కలు పడలేదు. చెయ్యి తిరిగొచ్చిందని బజారంతా చెప్పుకున్నారు. "ఎక్కడికి పోయిందని తిరిగి రావడానికి?" అనేది అక్క.

మొన్న లియన్ అమ్మగారు ఇల్లు సర్దుతుంటే ముసలాయన పెట్టెలో అప్పటి ఆ పక్షి గుడ్డ దొరికింది. ఆయన దాన్ని ఎవరికీ అమ్మలేదు. తెచ్చి షెడ్డు గోడకి మేకు కొట్టి వేలాడదీసింది. మేమంతా చుట్టూ చేరాం. పక్షి వంకరే. మెడ ఒక పక్కకి వాలిపోయి, నిద్దర తూగుతున్నట్టుంది.

అక్క దానికేసి తల అటోసారి ఇటోసారి వంచి చూసింది. ఒక్కసారైనా ఒప్పుకుంటుందేమోనని మేం దగ్గరికి జరిగాం.

"మేకు వంకర" అంది.

మా నవ్వులకి షెడ్డు కప్పు ఎగిరిపోయినంత పనైంది. పొయ్యి దగ్గరనుంచి రుకినీ వదిన, గోడ ఎటుందో అటు కాకుండా వాకిలి వైపు తలెత్తి, తీరుబడిగా అంది:

"ఎందుకే నవ్వుతారు? పక్షి తిన్నగానే ఉంది. నాకు బాగా కనిపిస్తోంది."