మా తమ్ముడి జ్ఞానస్నానం

గుడిలో మాకు జ్ఞానపాఠాలు చెప్పే ఉపదేశి సొరకాయను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు. ఆదివారం పూజ అయిపోయాక, పదేళ్ళు దాటిన ఆడపిల్లలం ఏడెనిమిది మందిమి గుడి వెనక వరండాలో కూర్చుంటే, ఆయన సంచిలోంచి ఒక లేత సొరకాయ తీసి, దాని మెడ కింద ఎడమ అరచెయ్యి పెట్టి పడుకోబెట్టేవాడు. కుడిచేతిలో ఇత్తడి చెంబు. బిడ్డ చావుబతుకుల్లో ఉండి, ఫాదర్ వచ్చేదాకా ఆగే వీలు లేనప్పుడు ఎవరైనా సరే జ్ఞానస్నానం ఇవ్వవచ్చని చెప్పేవాడు. నీళ్ళు నెత్తి మీద పారుతుండగానే పిత, పుత్ర, పవిత్రాత్మ అంటూ ఆ వాక్యమంతా పలకాలి. పోసినవాళ్ళే పలకాలి. పోయడం అయిపోయాక పలికితే చెల్లదు. కాన్పు గదిలోకి మగవాళ్ళు పోరు కాబట్టి ఇది ఆడపిల్లలకే నేర్పాలని ఆయన పట్టు పట్టాడు. మా ఫాదర్ పరదేశం మనిషి. మోటారు సైకిల్ మీద ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు, వారంలో నాలుగు రోజులు వరంగల్‌లో దొరికేవాడే కాదు.

అయితే సొరకాయ మీద ఆ మాటలు పలకడం మహాపాపం. కూరగాయకు జ్ఞానస్నానం ఇచ్చినట్టవుతుందని ఉపదేశి భయపడేవాడు. అందుకని ఒక ఉపాయం చేశాడు. పిత అనాల్సిన చోట ఒకటి అనాలి, పుత్ర అనాల్సిన చోట రెండు, పవిత్రాత్మ అనాల్సిన చోట మూడు. అసలు మాటలు ఎట్లాగూ మీకు నోటికి వచ్చు కదా, చెయ్యి తిరిగితే చాలు అన్నాడు. మేం ఒకటి, రెండు, మూడు అంటూ సొరకాయ నెత్తిన నీళ్ళు పోసేవాళ్ళం. అందరిలోకీ నాకే బాగా కుదిరింది. చుక్క పక్కకు పోనిచ్చేదాన్ని కాదు. మిగతావాళ్ళను నన్ను చూసి నేర్చుకోమనేవాడు. నాకు పొగరు నెత్తికెక్కింది. ఆ సొరకాయను ఇంటికి పోయాక ఆయన భార్య పప్పులో వేస్తుందని తెలిసిన రోజు అందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

యాభైల చివర అది. మేం కాశిబుగ్గలో ఒక నేతగాళ్ళ ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ముందు గదుల్లో వాళ్ళ మగ్గాలు, వెనక రెండు గదుల్లో మేం. బాపు మిల్లులో పని చేసేవాడు. ఇంట్లో అమ్మ, నేను, బాపును కన్నతల్లి బాపమ్మ. నా తర్వాత అమ్మకు ఇంకొక ఆడపిల్ల పుట్టింది. పుట్టి ఏడవకుండానే పోయింది. ఎవరికీ నీళ్ళు పోయాలన్న ఆలోచన రాలేదు. జ్ఞానస్నానం లేని బిడ్డను సమాధుల తోటలో పెట్టకూడదు కాబట్టి, దాన్ని తోట గోడకు అవతల, తుమ్మకంపలో పెట్టి వచ్చారు.

అట్లాంటి బిడ్డలకు నరకం ఉండదట. బాధ కూడా ఉండదట. కాకపోతే వాళ్ళు దేవుని ముఖం ఎన్నటికీ చూడరు, తల్లి రేపు మోక్షానికి పోయినా అక్కడ ఆమెకు కనిపించరు. ఉపదేశి మాకు చెప్పిన పాఠం అది. అరవైల చివర పూజ తెలుగులోకి మారాక వచ్చిన ఫాదర్లు ఆ పాఠం ఊసే ఎత్తలేదు. ఒకాయన దేవుని దయ పెద్దదమ్మా అని ఊరుకున్నాడు. అప్పటికి మా అమ్మ పోయి రెండేళ్ళు. ఆమె వినాల్సిన రోజుల్లో మాత్రం గట్టిగా, స్పష్టంగా చెప్పారు. అమ్మకు చదువు రాదు. ఆ ఒక్క పాఠం మాత్రం ఆమెకు నాకంటే బాగా వచ్చు.

ఏటా నవంబరు మొదట్లో ఆత్మల పండుగ వచ్చేది. ముందురోజు అందరూ సమాధులకు సున్నం వేసుకునేవాళ్ళు. పండుగనాడు పొద్దున ఫాదర్ నల్లటి పూజవస్త్రం వేసుకుని, ఒక్కొక్క సమాధి దగ్గర ఆగి తీర్థం చల్లుతూ పోయేవాడు. ఆ తీర్థం గోడ దాటేది కాదు. అమ్మ గోడ దగ్గరికి పోయి, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు గుప్పెడు బంతిపూలు అవతలికి విసిరేది. అందరూ చూసేవాళ్ళు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, అంతవరకు మంచివాళ్ళే.

నాకు పన్నెండేళ్ళప్పుడు అమ్మ మళ్ళీ నెల తప్పింది. ఏడో నెల రాగానే మంచం కింద ఒక చెంబెడు నీళ్ళు మూతపెట్టి ఉంచడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున పాత నీళ్ళు పారబోసి కొత్తవి పోసేది. కాన్పు ఏ పొద్దున వచ్చినా నేను బడి మానుకుని ఆమె దగ్గరే ఉండాలని ఒట్టు వేయించుకుంది. ఈ బిడ్డ బతకాలని ఆమె జపమాల చెప్పేది. బతక్కపోతే కనీసం గోడకు ఇవతల ఉండాలని ఇంకో జపమాల చెప్పేది. రెండోది బాపుకు వినపడకుండా.

నొప్పులు నెల ముందే వచ్చాయి. ఆ రోజు సద్దుల బతుకమ్మ. వాడకట్టంతా తంగేడు, గునుగు పూలు కుప్పలు పోసుకుని బతుకమ్మలు పేరుస్తున్నారు. బాపు మిల్లులో ఉన్నాడు. దవాఖానకు పోదామని బాపమ్మ రిక్షా కోసం రోడ్డు దాకా పోయి వచ్చింది, దొరకలేదు. ఇక ఆగేటట్టు లేదని ఇంటివాళ్ళ పెద్దమ్మను పిలిచాం. వాడలో సగం మంది ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళే. గునుగు పూలకు అద్దుతున్న రంగు వేళ్ళకు అట్లాగే ఉండగా పరుగెత్తుకొచ్చింది.

మగపిల్లవాడు. వంకాయ రంగులో ఉన్నాడు, కదలడం లేదు. పెద్దమ్మ వాడి కాళ్ళు పట్టి తలకిందులు చేసి వీపు మీద రెండు తట్టింది. ఛాతీ కొద్దిగా ఎగిరింది, అంతే. బాపమ్మ నా భుజం పట్టి ముందుకు తోసింది. చెంబు తీశాను. ఎడమ అరచెయ్యి వాడి మెడ కింద పెట్టాను. అంత తేలికగా ఉంటాడనుకోలేదు. నీళ్ళు పోశాను. చుక్క పక్కకు పోలేదు, నా పెదవులు కదులుతూనే ఉన్నాయి. నీళ్ళు నెత్తిన పడగానే వాడు కెవ్వున ఏడ్చాడు.

ఆ ఏడుపుకు మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. పెద్దమ్మ గట్టోడే అని నవ్వింది. బాపమ్మ సిలువ గుర్తు వేసుకుంటూనే ఉంది. అమ్మ పడుకున్నచోటు నుంచే చేతులు చాపింది. వాడిని పాత చీర పేలికలో చుట్టి ఆమె పక్కలో పెట్టాం. వాకిట్లో ఆడవాళ్ళకు మగపిల్లవాడని చెప్పడానికి నేనే పరుగెత్తాను. గంట కూడా గడవలేదు. సాయంత్రం మిల్లు కూత ఇంకా కూయనే లేదు. అమ్మ పక్కలోనే, చప్పుడు చేయకుండా వాడి ఊపిరి ఆగిపోయింది.

బాపమ్మ మిల్లు గేటుకు పోయింది. నేను పెరట్లో కూర్చుని చెంబు తోముతున్నాను. ఎందుకు తోముతున్నానో నాకే తెలియదు. వాడు ఇప్పుడు మోక్షంలో ఉన్నాడు, నేనే పంపాను అని ఏడుస్తూనే నాకు నేను చెప్పుకుంటున్నాను. పలికిన మాటలు ఇంకొకసారి మనసులో పలుకుదామనుకున్నాను. అప్పుడు నా గొంతు నాకు వినిపించింది. ఒకటి, రెండు, మూడు. నేను అన్నది అదే. సొరకాయకు చెప్పినట్టు మా తమ్ముడికి లెక్కపెట్టాను. చేతికి ఎంత అలవాటైందో నోటికీ అంతే అలవాటైంది. ఇంట్లోకి ఉరికి మళ్ళీ నీళ్ళు పోద్దామని లేచాను. వాడు పోయి అప్పటికే చాలాసేపయింది.

ఫాదర్ మరునాడు పొద్దున వచ్చాడు. బాపు మిల్లులో అడిగి తెచ్చిన చిన్న చెక్కపెట్టె గడప దగ్గర పెట్టి ఉంది. ఫాదర్ నన్ను దగ్గరికి పిలిచి, మంచినీళ్ళేనా, నెత్తి మీద పారాయా, అప్పటికి బిడ్డలో ప్రాణం ఉందా అని ఒక్కొక్కటే అడిగాడు. అన్నిటికీ ఔనన్నాను, అన్నీ నిజమే. మాటలు సరిగ్గా పలికావా అన్నాడు. అమ్మ మంచం మీదనుంచి నన్నే చూస్తోంది. నేను తలూపాను. ఉపదేశి నా తల నిమిరి, నా క్లాసులో ఈ పిల్లను మించినవాళ్ళు లేరు ఫాదర్ అన్నాడు.

వాడిని గోడకు లోపల పెట్టారు. జ్ఞానస్నానం పొంది పోయిన పసిబిడ్డకు నలుపు వాడరు. ఫాదర్ తెల్లటి వస్త్రం వేసుకున్నాడు, గంట కూడా పండుగ గంటలాగా మోగించారు. ఇది ఏడవాల్సిన చావు కాదని, ఈ ఇంటినుంచి ఒక దేవదూత పోయాడని ఫాదర్ ప్రసంగం చెప్పాడు. ఆ మాట ఇంటికొచ్చి అమ్మకు అందరూ చెప్పారు. అది జపమాల నెల. రోజుకొక ఇంటికి మాత స్వరూపాన్ని తెచ్చి జపం చెప్పుకునేవాళ్ళం. ఆ వారమే మా వంతు వచ్చింది. వచ్చిన ఆడవాళ్ళు అమ్మ కళ్ళు తడిగా కనిపిస్తే చాలు, ఏడిస్తే దేవుని ఇష్టానికి ఎదురు చెప్పినట్టు అని తుడిపించేవాళ్ళు. మంచి మనసుతోనే తుడిపించారు. నన్ను ముందు కూర్చోబెట్టి జపం చెప్పించారు. నేను చెప్పాను.

ఆ మూడు వారాలు నేను బతికింది బతుకు కాదు. నిజం చెప్తే ఆ పెట్టె తవ్వి తీసి తుమ్మకంపలో పెడతారు, అమ్మ అక్కడే పడి చస్తుంది. చెప్పకపోతే వాడున్న చోటు గురించి నాకొక్కదానికే తెలుస్తుంది, అమ్మ మోక్షానికి పోయి ఎంత వెతికినా దొరకడు, అప్పుడైనా నా సంగతి బయటపడుతుంది. ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వరసలో రెండుసార్లు నిలబడ్డాను. రెండుసార్లూ నా వంతు వచ్చేలోపు బయటికొచ్చాను. అబద్ధం కడుపులో పెట్టుకుని సత్ప్రసాదం తీసుకుంటే ఇంకో మహాపాపం. ఏమైనా తిని వచ్చినవాళ్ళు సత్ప్రసాదం తీసుకోకూడదు, అందుకని ఆదివారం పొద్దున గుడికి పోయేముందు సద్దన్నం ఒక ముద్ద నోట్లో వేసుకుని, మరిచిపోయి తిన్నానని చెప్పేదాన్ని. బాపమ్మ నా మతిమరుపును తిట్టేది. ఆ తిట్లు నాకు ఎంత హాయిగా ఉండేవో చెప్పలేను. తగిన తిట్లు పడటం లేదన్నదే నా బాధ.

ఆత్మల పండుగ వచ్చింది. ఆ రోజు సమాధుల దగ్గర తీర్థం అయ్యాక ఇంకొక ఆచారం ఉండేది. గుడిలోకి పోయి పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వస్తోత్రం ఆరేసిసార్లు చెప్పి బయటికొస్తే, మోక్షానికి పోయేముందు పాపాల బాకీ తీర్చుకునే ఉత్తరించే స్థలంలో ఉన్న ఒక ఆత్మకు విడుదల. మళ్ళీ లోపలికి పోయి వస్తే ఇంకొక ఆత్మకు. ఒక్కొక్కరు తాతకు, అత్తకు, పోయిన మొగుడికి అని పేరు పేరునా తిరిగేవాళ్ళు. ఒక కాలు మాత్రమే గడప దాటించి మళ్ళీ లోపలికి తిరిగేవాళ్ళను ఉపదేశి తలుపు దగ్గర నిలబడి పట్టుకునేవాడు. సగం ఆత్మను విడిపించి ఏం చేసుకుంటారని అడిగేవాడు.

మా తమ్ముడు ఉత్తరించే స్థలంలో లేడు. వాడున్న చోటినుంచి విడుదల లేదు. నాకు తెలుసు. అయినా పోయాను. చెప్పి బయటికొచ్చాను, మళ్ళీ పోయాను. ఇన్ని ఆత్మలను విడిపిస్తున్నాను కదా, వాటిలో ఒక్కదాని బదులు వాడిని తీసుకో అని దేవునితో బేరం పెట్టాను. ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. మోకాళ్ళు వాచాయి. నాలుక తిరగడం మానేసింది.

అమ్మ ఆ రోజు బాపమ్మ వద్దంటున్నా వినకుండా వచ్చింది. తన తల్లి కోసం ఒకసారి లోపలికి పోయి వచ్చి, మెట్ల పక్కన అరుగు మీద కూలబడింది. తమ్ముడి కోసం ఆమె పోనవసరం లేదు. జ్ఞానస్నానం పొందిన పసిబిడ్డకు ప్రార్థన అక్కరలేదు, నేరుగా మోక్షమే. నేను ఇంకోసారి మెట్లెక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎవలకోసం తిరుగుతానవ్ బిడ్డా?"

అమ్మమ్మ కోసం అన్నాను. అమ్మమ్మకు తాను చేశానన్నది. తాత కోసం అన్నాను. తాతకు బాపమ్మ చేసిందన్నది. ఇంకెవరి పేరూ నాకు తోచలేదు. ఆమె నన్ను లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను ఇన్న" అన్నది. "నువ్వు పోసినప్పుడు ఒకటి, రెండు, మూడు అన్నవు. నాకు ఇనబడ్డది."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగానో, అడగాలనుకుని ఊరుకున్నానో గుర్తులేదు. ఆమె మాత్రం జవాబు చెప్పింది, నాకు కాదు, నేలకు చెప్పినట్టు.

"నీళ్ళు పడంగనే ఏడ్సిండు కద. బతికిండనుకున్న. ఇగ ఫికర్ లేదు, గుడికి తీస్కపోయి ఫాదర్‌తోనే పోయించొచ్చు అనుకున్న. పక్కల్నే ఉండె వాడు. మల్ల నీళ్ళు పొయ్యి బిడ్డా అని ఒక్క మాటంటే అయిపోతుండె. గంటసేపు సూసుకుంట మురిసిన గని, ఆ మాట అనకపోతి."

ఫాదర్‌కు చెప్పేద్దాం అమ్మా అన్నాను. నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"సెప్తే తీసి అవతల పెడ్తరు. ఒకదాన్ని పెట్టిన. ఇంకోని పెట్టలేను. నువ్వు గూడ ఇగ ఎవలకు సెప్పకు."

అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, ఊగుతూ, వాడు పోయిన తర్వాత మొదటిసారి ఏడ్చింది. నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాను. గుడిలోకి పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు ఆగి చూశారు. ఒకామె వంగి అమ్మ వీపు నిమిరి, పండుగపూట కన్నతల్లి యాదికొచ్చినట్టుంది పాపం అన్నది. అమ్మ ఔనన్నట్టు తలూపింది.