నోటి దగ్గర ఆగిన పాఠం

మా అక్క సుందరాబాయి బీదర్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్లు ల్యాబ్ అటెండరుగా పనిచేసింది. కుశనూర్‌లో ఏడో తరగతి దాకా కన్నడంలో చదువుకుంది. బావ పోయాక ఆ ఉద్యోగం దొరికింది. సీసాలు కడగడం, ద్రావణాలు కలపడం, వాడిన ట్యూబులు బోర్లించడం ఆమె పని.

జీర్ణక్రియ ప్రాక్టికల్ రోజు ఇంకో పని కూడా ఉండేది. గంజిలో అయోడిన్ చుక్క వేస్తే నల్లబడుతుంది. అదే గంజిలో ఉమ్మి కలిపి కాసేపు ఉంచితే ఇక నల్లబడదు. పిండిపదార్థం చక్కెరగా మారిందన్నమాట. పిల్లలు తోటివాళ్ల ముందు ఉమ్మడానికి సిగ్గుపడేవాళ్లు. జీవశాస్త్రం చెప్పే హేబ్సిబా మేడం అక్కనే అడిగేవారు. ఆ రోజు అక్క టీ కూడా తాగకుండా, నోరు పుక్కిలించుకుని వెళ్లేది. రెండు బ్యాచులకు సరిపడా ఇచ్చి వచ్చేది.

"నా ఉమ్మితోని ఎంతమంది డాక్టర్లయిన్రో" అని నవ్వేది.

రెండేళ్ల కిందట ఆమె నాలుక కింద క్యాన్సర్ పుండు లేచింది. హైదరాబాదులో ముప్పై మూడు సార్లు రేడియేషన్ కరెంటు పెట్టారు. పుండు మానింది, కానీ ఉమ్మి ఊరే గ్రంథులు మాడిపోయాయి. జొన్నరొట్టె ముక్క నోట్లో ఇసుకలా తిరిగేది. బరువు ముప్పై ఎనిమిది కిలోలకు దిగింది. ఇంకో రెండు కిలోలు తగ్గితే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదని డాక్టరు చెప్పాడు. గొట్టం వద్దని అక్క ఏడ్చింది. వద్దనుకుంటే తినాలి. తినేది కాదు.

నేనూ నా భార్య జగదేవీ పూటకొకటి చేసి చూశాం. పల్చటి అంబలి, రాగి జావ, నెయ్యి వేసి మెదిపిన అన్నం. గిన్నె పెట్టింది పెట్టినట్టే తిరిగి వచ్చేది. నొప్పేమో అనుకున్నాం, రుచి తెలియకేమో అనుకున్నాం. ఒక మధ్యాహ్నం జగదేవి విసిగిపోయి, ఎందుకు తినవో చెబితే గానీ లేవనని పక్కనే కూర్చుంది.

"ఉమ్మి లేకుంటె ఎట్ల అరుగుతది పిల్లా? గంజి గంజి లెక్కనే ఉంటది. మింగినా అట్లనే బయటికి పోతది. ఉత్తగ ఎందుకు మింగాలె?"

అన్నేళ్లూ ఆమె కళ్లారా చూసింది అదే. ఉమ్మి కలపని ట్యూబులో అయోడిన్ ఎప్పుడు వేసినా నల్లగానే అయ్యేది. మిగతా పాఠం పక్క గదిలో బోర్డు మీద జరిగేది. అటెండరుకు అక్కడ పని లేదు.

నేను చెబితే నమ్మలేదు. మేడంకు ఫోన్ చేశాను. అప్పటికే రిటైరై, మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి, ఆటోలో వచ్చారు. నోట్లో జరిగేది కొంతేనని, కడుపులోని ఆమ్లం దాన్ని కూడా ఆపేస్తుందని, అసలు పని చిన్నపేగులో క్లోమరసం చేస్తుందని చెప్పారు. ఉమ్మిలో ఉండేలాంటిదే అందులోనూ ఉంటుందట, చాలా ఎక్కువగా.

అక్క మేడం వైపు తిరిగింది.

"గిన్నేండ్లు నాతోని ఉమ్మిపిచ్చిన్రు మేడం. లోపట గంత పెద్ద కార్ఖాన ఉన్నదని ఒక్కనాడన్న చెప్పకపోతిరి."

"నాదే తప్పు సుందరమ్మా" అన్నారు మేడం.

ఆ సాయంత్రం అక్క పావుగిన్నె అంబలి తాగింది. తర్వాత ఏడు నెలలు తాగింది. ఆకలేసి కాదు, రుచి తెలిసీ కాదు. చెంచాకో గుటక నీళ్లు తాగుతూ, డ్యూటీ చేసినట్టు తాగింది. గొట్టం వేయాల్సిన అవసరం రాలేదు. బరువు నలభై ఒకటి దాకా వచ్చింది. జబ్బు మాత్రం, తిండితో నిమిత్తం లేకుండా, ఊపిరితిత్తులకు పాకింది.

చివరి రోజు పొద్దున పదింటికి మూడు చెంచాలు మింగి, చేయి అడ్డం పెట్టింది. ఇది నెత్తుట్లో కలవడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది. నాకు తోచినట్టు, మూడు గంటలన్నాను. సరేనని కళ్లు మూసుకుంది. పన్నెండున్నరకు పోయింది.

పల్చటి అంబలైతే అరగంటలోపే కలవడం మొదలవుతుందని మేడం తర్వాత చెప్పారు. ఆ సంగతి నాకు ముందే తెలిసుంటే అక్కకు అదే చెప్పేవాణ్ని.