ఓడాయన పోసిన నలభై చక్రాలు

కొలిమక్క మంచిదని ఎవరైనా అంటే ముందు ఆవిడే ఒప్పుకోదు. "మంచితనం నాకెందుకు? పగ చాలు, దాంతోనే ఇన్నాళ్ళు బతికా" అంటుంది మొహమాటం లేకుండా. పోత కొలిమి నడిపి పదకొండు ఇళ్ళలో పొయ్యి వెలిగించిన మనిషే, కాదనను. అదంతా దేశం మీద ప్రేమతో చేసిందనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే.

ఆవిడుండే ఊరి కింద అంతా రాగే. తవ్విన రాయి తవ్వినట్టే రైలెక్కి, ఓడెక్కి పోతుంది. పోయింది ఊరుకుంటుందా? తీగై, కుళాయై, పంపు చక్రమై తిరిగొచ్చి మళ్ళీ మనకే అమ్ముడుపోతుంది. చేతిలో వెన్న పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరగడమంటే ఇదే. గనికి ఆ సామాను తెప్పించే ఏజెంటుని అందరూ ఓడాయన అనేవాళ్ళు. ఏదడిగినా ఆయన నోట ఒకటే మాట: "ఓడ రావాలి."

కొలిమక్క మొగుడు గనిలో పంపు దగ్గర పనిచేసేవాడు. లోపల ఊరే నీళ్ళని ఆ పంపే పైకి తోడాలి. ఓ రోజు దాని కంచు చక్రం విరిగింది. ఓడ రావాలన్నాడు ఓడాయన. ఓడ కంటే ముందు నీళ్ళొచ్చాయి. మొగుడి శవాన్ని పైకి తీసిన పన్నెండో రోజున వచ్చింది చక్రం, గడ్డి చుట్టి, పెట్టెలో, పదిలంగా.

ఆవిడ ఏడ్చింది. ఏడ్చి లేచి, గని స్టోరు గుమాస్తాని బతిమాలి ఆ వచ్చిన చక్రాన్నే ఒక్క రోజుకి ఇంటికి తెచ్చుకుంది. మావగారు కంచు గిన్నెలూ గంటలూ పోత పోసేవాడు.

"మావయ్యా, ఇది మనం పొయ్యలేమా?"

"పొయ్యకేం? ఇసకలో అదిమి, ఆ గుంటలో కంచు పోస్తే అదే వస్తుంది."

పోశారు. గని పెరట్లో తొట్టి దగ్గర పంపుకి బిగించారు. పంపు గిర్రున తిరిగింది గానీ, నీళ్ళు గొట్టంలో సగందాకా వచ్చి నిలబడిపోయాయి. చక్రం చుట్టూ గోరంత సందు, నీళ్ళన్నీ అందులోంచే వెనక్కి. ఓడాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "తవ్వడం మీ పని, చెయ్యడం వాళ్ళ పని. నీకెందుకొచ్చిన గోల, వెళ్ళి గరిటె తిప్పుకో!" ఇంజినీర్లు నవ్వారు. మొగుడితో కలిసి పనిచేసినవాళ్ళూ నవ్వారు. ఆవిడ చక్రం విప్పించుకుని ఇంటికి నడిచింది.

తప్పెక్కడో తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది. పోయడం, కొలవడం, పగలగొట్టడం, మళ్ళీ కరిగించడం. తీరా తేలిందేమిటి? కంచు చల్లారుతూ కుంచించుకుపోతుంది. గిన్నె గోరంత చిన్నదైతే అడిగేవాడెవడు? అందుకే యాభై ఏళ్ళ పనిలో మావగారికి ఆ సంగతి పట్టనేలేదు. చక్రాన్నే అచ్చుగా అదిమితే వచ్చేది దానికంటే చిన్న చక్రం. చెక్కతో కాస్త పెద్ద అచ్చు చేసుకుని పోస్తేనే కొలతకి సరిపోతుంది. ఆ 'కాస్త' ఎంతో ఆవిడ మావగారికి తప్ప ఎవ్వరికీ చెప్పలేదు. అలా పోసిన చక్రం ఏడాది పాటు చెక్కుచెదరకుండా తిరిగింది. గనివాళ్ళు వాటిని కొని స్టోరులో పెట్టుకోవడం మొదలుపెట్టారు, ఆవిడ షెడ్డు వేసి పదకొండుమందిని పనిలో పెట్టుకుంది.

అప్పుడొచ్చింది సర్కారు ఉత్తర్వు. రాయి అమ్ముకుని ఎన్నాళ్ళు బతుకుతాం, గనులు వాడే సామాను ఇకనుంచి దేశంలోనే తయారవ్వాలని. గనికి నలభై చక్రాలు కావాలి, తొట్టి దగ్గర పరీక్షలో ఎవరి చక్రం నెగ్గితే ఆర్డరు వాళ్ళది. ఇంకేం, ఓడాయన తెల్లారేసరికి దేశభక్తుడైపోయాడు! కొత్త షెడ్డు, కొత్త కొలిమి, గుమ్మం మీద తాటికాయంత అక్షరాలతో 'మన దేశం, మన చక్రం'. కొలిమక్క కంటే చవగ్గా ఇస్తానని చాటించాడు. ఆ ఆర్డరు ఆయనకి పోతే ఈవిడ కొలిమి ఆరినట్టే, పదకొండు ఇళ్ళూ వీధిన పడ్డట్టే.

పరీక్షకి పది రోజులుందనగా మావగారు రొప్పుకుంటూ వచ్చాడు. "అమ్మాయ్, కొంప మునిగింది! స్టోరులోంచి మన చక్రాన్ని ఓడాయన ఎత్తుకుపోయాడు. దాన్ని ఇసకలో అదిమి నలభై పోయించేస్తున్నాడు!"

ఆవిడ చేతిలో ఆకురాయి ఆగింది. "చక్రాన్నే అదుముతున్నాడా?"

"చక్రాన్నే. నా కళ్ళతో చూశా. కేసు పెడదామా?"

కొలిమక్క నవ్వింది. మొగుడు పోయాక ఆవిడ అంతలా నవ్వడం ఎవరూ వినలేదు. "పొయ్యనీ మావయ్యా! నలభై కాకపోతే నాలుగొందలు పొయ్యనీ."

అప్పుడు వెలిగింది ముసలాయనకి. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "పాపమే, ఒక్క మాట చెబుదామా? అక్కడా మనలాంటి కూలోళ్ళే ఉన్నారు."

"నాకెవరు చెప్పారు?" అంది. ఆవిడ మళ్ళీ ఆకురాయి పట్టింది.

పరీక్ష రోజున ఊరు ఊరంతా తొట్టి చుట్టూ చేరింది. ముందు ఓడాయన చక్రం బిగించారు. తళతళా మెరిసింది, గిర్రున తిరిగింది, నీళ్ళు సగందాకా వచ్చి ఆగాయి. రెండోదీ అంతే. ఏడు మార్చి చూశారు. జనం మొదట గుసగుసలాడి, తర్వాత పకపకా నవ్వారు. ఓడాయన చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కొలిమక్క చక్రం బిగించగానే నీళ్ళు గొట్టం దాటి ఎగిరి ఇంజినీరు బూట్లు తడిపేశాయి. ఆర్డరు మీద అక్కడికక్కడే సంతకం పడింది.

జనం వెళ్ళిపోయాక ఓడాయన ఆవిడ దగ్గరికొచ్చాడు. ఉన్నదంతా ఊడ్చి ఆ కొత్త కొలిమిలోనే పెట్టాడని అందరికీ తెలుసు. గొంతు బాగా తగ్గించాడు.

"అమ్మా, నేను పోసింది నీ చక్రమే. దాచేదేముంది. తప్పెక్కడుందో ఒక్క మాట చెప్పు, నీకు పుణ్యముంటుంది."

"చెబుతా. మా ఆయన్ని తీసుకురా, చెబుతా."

ఓడాయన తొట్టిలో నీళ్ళవైపు తిరిగాడు.

"తేలేవు కదా? అయితే పోస్తూ ఉండు, కొలుస్తూ ఉండు" అంది కొలిమక్క, చక్రాన్ని భుజానికెత్తుకుంటూ. "నాకు ఎనిమిది నెలలు పట్టింది."