ఎవరి శనివారం?

మా అమ్మమ్మ సేయిని మట్టికి డాక్టరు, మనుషులకు కాదు. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే పక్కింటివాళ్ళు "మీ ఇంట్లోనే డాక్టరమ్మ ఉందిగా" అనేవాళ్ళు. "ఆవిడ నా నుదురు తాకి తేమ ఎంతుందో చెబుతుంది, అంతే" అనేదాన్ని. నేను హైస్కూలు ఐదో ఫారంలో చదువు మానేసి మా టోంగా రాజధాని నుకుఆలోఫా బజారు బేకరీలో పనికి చేరినప్పుడు ఇంట్లో అందరూ తలలు బాదుకున్నారు. అమ్మమ్మ మాత్రం నా చేతులకు అంటిన పిండిని వేళ్ళతో నలిపి చూసి, "పరవాలేదే లూపే. మంచి నేలే, కాస్త తెల్లగా ఉంది" అంది.

అమ్మమ్మ పెట్టిన సంఘం పేరు దీవుల నేలల పండితుల సంఘం. అది పుట్టిన తీరు ఆవిడ చెబితే గంభీరంగా ఉంటుంది, తాతయ్య చెబితే నవ్వొస్తుంది. తాతయ్య చెప్పిందే రాస్తాను. ఇరవయ్యారేళ్ళ కిందట ఫిజీలో, సువాలో పెద్ద సదస్సు జరిగిందట. చిన్న దీవుల నేలల గురించి మాట్లాడేవాళ్ళకు ఆఖరి రోజు ఆఖరి గంట ఇచ్చారు. అప్పటికి హాల్లో మిగిలింది ఏడుగురు. ఆ ఏడుగురూ మాట్లాడాల్సినవాళ్ళే. ఒకరి మాట ఒకరు విని, ఒకరికొకరు చప్పట్లు కొట్టుకుని, కాంటీన్లో టీ తాగుతూ సంఘం పెట్టేసుకున్నారు. టీ అయ్యాక కప్పులు ఎవరు కడిగారో ఆవిణ్ణే అధ్యక్షురాలిని చేశారు.

ఆ ఏడుగురు నూట పన్నెండు మంది అయ్యారు. ఫలానా దీవిలో ఫలానా పిల్ల మట్టి మీద చదువుతోందని తెలిస్తే చాలు, అమ్మమ్మ పెళ్ళిచూపులకు వెళ్ళినట్టు కానుక చాప చంకన పెట్టుకుని బయల్దేరేది. ఆ ఇంటి పెద్దల పక్కన కూర్చుని, వాళ్ళ చేమదుంపల చేను చూసి, ఆ మట్టిని పొగిడి, పిల్లను సంఘంలో చేర్చుకుని వచ్చేది. మా దీవుల్లో ముందు పెద్దవాళ్ళు మాట్లాడాలి. వాళ్ళు ముగించేసరికి చిన్నవాళ్ళు నిద్రపోతారు. అమ్మమ్మ సంఘంలో మాత్రం కొత్తగా చేరినవాళ్ళది మొదటి మాట, అధ్యక్షురాలిది ఆఖరి మాట. ఇంకో నియమం కూడా పెట్టింది. సంవత్సర సమావేశంలో ఎవరు కుర్చీలో కూర్చుని నడిపితే ఆ ఏడాదికి వాళ్ళే అధ్యక్షులు. ఎవరూ సమావేశం ఎగ్గొట్టకుండా పెట్టిన నియమం అది. ఇరవయ్యారేళ్ళుగా ఆ కుర్చీలో ఆవిడే కూర్చుంది.

సంఘం ఉత్తరాలకు ఒక గుర్తు ఉండేది. పైన పెద్ద అక్షరాలతో "ఎవరి శనివారం?" అని, దాని కింద రెండు వరుసలు. మాకు తూర్పున సముద్రం మధ్యలో తేదీ మారుతుంది. మాకూ ఫిజీకీ సమోవాకీ శనివారమైతే, రారోటోంగాలో, నియూలో, పాగో పాగోలో ఇంకా శుక్రవారమే. అందుకని ఒక వరుసలో మా తేదీ, ఇంకో వరుసలో వాళ్ళ తేదీ. "డాక్టర్ సేయిని ముందుచూపు" అని సభ్యులు మెచ్చుకునేవాళ్ళు. ఆవిడ తలూపేది.

మా తాతయ్య మోసేసే ముప్పై నాలుగేళ్ళు రేవులో గుమాస్తా. వచ్చే ఓడ, పోయే ఓడ, ఏ దీవి తేదీ ఏమిటి, అన్నీ ఆయన నోటి మీదే ఉండేవి. ఆదివారాలు మా చర్చిగుళ్ళో బోధ చేసేవాడు.

ఈ ఏడాది జూన్ మొదట్లో తాతయ్య పోయాడు. పొద్దున్నే పెరట్లో పందులకు కొబ్బరి వేస్తూ అలాగే కూలబడ్డాడు.

అమ్మమ్మ ఏడవలేదు. నల్లబట్టలు కట్టింది, మా దీవుల్లో చావుకు కట్టే, చెవుల దాకా వచ్చే చింపిరి చాప నడుముకు చుట్టుకుంది, వచ్చినవాళ్ళకు టీ ఇచ్చింది. ఏం అడిగినా "సరే" అనేది. పంది ఎంతది కొయ్యాలి? సరే. పాటలవాళ్ళను పిలవాలా? సరే. కాగే టీని మంచినీళ్ళలా తాగేసేది. తాతయ్య అక్క కలేసితా మామ్మ మా ఇంట్లోనే దిగింది. చావింట్లో పోయినవాడి అక్కదే పెత్తనం. ఆ పెద్దరికానికి గుర్తుగా ఆవిడ నడుముకు సన్నటి మేలు చాప, చేతిలో విసనకర్ర.

"మీ అమ్మమ్మ బండరాయిలా ఉందే" అంది నాతో.

"రాయి కాదు మామ్మా, మట్టి. ఆవిణ్ణడిగితే తేడా చెబుతుంది" అన్నాను. విసనకర్రతో నెత్తి మీద ఒక్కటి పడింది.

ఆ రోజుల్లోనే సంఘానికి గండం వచ్చింది. ఆస్ట్రేలియాలో ఒక పెద్ద సంఘం "మీరు మాలో ఒక శాఖగా చేరండి" అని ముందు ఏడాదే అడిగింది. మావాళ్ళు తేల్చుకోలేక ఒక గడువు పెట్టుకున్నారు. జూన్ నెల దాటేలోగా సంవత్సర సమావేశంలో ముప్పైమందికి తగ్గకుండా కూర్చోవాలి, వాళ్ళలో ఎక్కువమంది వద్దు అనాలి. అనకపోతే చేరినట్టే. అప్పుడు సంఘం ఉండదు. మళ్ళీ ఆఖరి రోజు ఆఖరి గంటే మిగులుతుంది.

అమ్మమ్మ సమావేశం ఇరవై తొమ్మిదో తేదీ శనివారం పదింటికి పెట్టింది. ఉత్తరం తనే రాసింది, తనే పంపింది.

శనివారం పొద్దున భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టి, చాప సర్దుకుని దాని ముందు కూర్చుంది. తెర మీద పద్నాలుగు మొహాలు వచ్చాయి. పదిన్నరకు పదిహేడు. పదకొండున్నరకూ పదిహేడే. సువాలో ఎవరో ఆవలించారు. అమ్మమ్మ రెండు చేతులూ బల్ల మీద ఆనించి తెరనే చూస్తోంది.

"రారోటోంగావాళ్ళు ఒక్కరూ రాలేదేంటి అమ్మమ్మా?" అన్నాను.

"ఫోన్ చెయ్యి."

రారోటోంగాలో ఉండేది తెరెమోఆనా. సంఘం ఉపాధ్యక్షుడు, నలభై ఏళ్ళవాడు. పదహారేళ్ళ కిందట అతని నాన్న చేను పొగిడి అమ్మమ్మ తెచ్చుకున్న సరుకే. "మంచివాడే గానీ లెక్కలేని మనిషి, కుర్చీ అప్పగించలేం" అని ఏటా అనేది. ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"ఎక్కడున్నావయ్యా?" అంది అమ్మమ్మ.

"క్లాసులో ఉన్నానమ్మా. ఏమైంది?"

"సమావేశం."

"రేపు కదమ్మా? ఇవాళ మాకు శుక్రవారం."

నేను ఉత్తరం తీసి చూశాను. పైన ప్రశ్న లేదు, కింద రెండు వరుసలు లేవు. శనివారం పదింటికి అని ఒక్క ముక్క ఉంది.

"ఇదెలా మర్చిపోయావు?" అన్నాను.

"అది నేనెప్పుడూ రాయలేదు" అంది. వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పింది. "ఉత్తరం రాసి బల్ల మీద పెట్టేదాన్ని. తెల్లారేసరికి పైన రాసి ఉండేది. మీ తాతయ్య రాసేవాడు."

కలేసితా మామ్మ విసనకర్ర ఆగింది.

తెరెమోఆనా ఫోన్లోనే ఉన్నాడు. "ఇప్పటికిప్పుడు మావాళ్ళను పోగుచేస్తే నలుగురైదుగురు దొరుకుతారు, అంతే. రేపు పదింటికైతే తూర్పు దీవులన్నీ వస్తాయి. మీరూ అదే వేళకు తెరవండమ్మా" అన్నాడు.

వాళ్ళ రేపు మాకు ఆదివారం. మా దేశంలో ఆదివారం దుకాణం తెరవరు, బంతి ఆడరు, ఆ రోజు పెట్టిన సంతకం చెల్లదు. మా ఇంట్లో అయితే ఆ రోజు రేడియోలో కీర్తనలు తప్ప ఇంకో మాట వినిపించకూడదు. సోమవారం దాకా ఆగుదామంటే జులై వచ్చేస్తుంది.

"ఒక్క గంటే కదా అమ్మమ్మా. తలుపేసుకుందాం. దేవుడు గుళ్ళో పనిమీద ఉంటాడు, ఇటు చూడడు" అన్నాను.

"చూస్తాడో లేదో గానీ నేను చూస్తాను" అంది కలేసితా మామ్మ. అని, ఎందుకో మెత్తబడింది. "సేయినీ, నీ ఇష్టం. ఆ గంట నేను పెరట్లో కూర్చుంటాలే."

"వద్దు వదినా. ఆయన ఇంట్లో ఆదివారం ఈ పెట్టె ఎన్నడూ తెరవలేదు" అంది అమ్మమ్మ. ఫోన్ వైపు వంగింది. "తెరెమోఆనా, కుర్చీ ఎక్కడుంటే సమావేశం అక్కడే. నీ దగ్గర రేపు శనివారమే. నువ్వు కూర్చో."

"నేను కూర్చుంటే ఏడాదంతా నేనే అవుతానమ్మా. నియమం మీదే."

"తెలుసు."

"ఈ ఏడాది మటుకు ఆ నియమం పక్కన పెడదాం."

"పెట్టకు. కొత్తవాళ్ళతో మొదలుపెట్టు. ఆఖర్న మాట్లాడు, కొంచెమే మాట్లాడు" అంది. తెర మీదున్న పదిహేడుమందికీ రేపటి సంగతి చెప్పి, కంప్యూటర్ మూసేసి, బల్ల తుడిచేసింది. ఇరవయ్యారేళ్ళు ముగిశాయి అనడానికి ఇంట్లో ఏ చప్పుడూ లేదు. నాక్కూడా ఏమీ అనిపించలేదు. బేకరీకి వెళ్ళి నూట అరవై రొట్టెలు తీశాను.

ఆదివారం గుడికి వెళ్ళాం. ఫోన్ నడుము చాపలో దోపుకున్నాను, తప్పే. మూడో పాటలో అది గుర్రుమంది.

"నడుములో కప్పను పెట్టుకొచ్చావా?" అంది కలేసితా మామ్మ పళ్ళ మధ్య నుంచి. చాప అంచు కింద తెరెమోఆనా పంపిన కబురు చూశాను. ముప్పై నలుగురు వచ్చారు. మాకు పడమటనున్న సువావాళ్ళూ పోర్ట్ విలావాళ్ళూ తమకూ ఆదివారమైనా కూర్చున్నారు. ఇరవై తొమ్మిదిమంది వద్దన్నారు. సంఘం నిలిచింది.

అమ్మమ్మ చెవిలో చెప్పాను. "ముప్పై నలుగురు. నిలిచింది."

"పాట పాడు" అంది.

ఇంటికొచ్చి, పొద్దున్నే మట్టి కప్పి వెళ్ళిన పొయ్యిగుంట తవ్వి, కొబ్బరిపాలు పోసి కట్టిన ఆకుల పొట్లాలు తీశాం. అమ్మమ్మ ఒక పొట్లం విప్పింది, సగం తింది, "ఉప్పు వేశారా?" అని అడిగింది. ఉప్పు ఎక్కువైందని మేమంతా నీళ్ళు తాగుతున్నాం.

గురువారం కొత్త అధ్యక్షుడి మొదటి ఉత్తరం వచ్చింది. చదివి వినిపించమంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో వెతుక్కోవడం మానేసింది ఆ మధ్య. పైన పెద్ద అక్షరాలతో "ఎవరి శనివారం?" అని ఉంది. కింద రెండు వరుసలు. ఏ వరుసలో ఏ దీవులో కూడా రాశాడు. చదువుకుంటూ పోయాను. ఫిజీ, సమోవా, టోంగా, నియూ.

"ఆగు" అంది అమ్మమ్మ. "నియూ ఎటు పెట్టాడు?"

"మన వైపు."

అమ్మమ్మ చెయ్యి బల్ల మీద కలం దాకా వెళ్ళింది. అక్కడే కాసేపు ఉండి, వెనక్కి వచ్చింది.

"తెలుసుకుంటాడులే" అంది. "నియూవాళ్ళు రాని రోజున." లేచి వెళ్ళి తాతయ్య వైపు మంచమ్మీద పడుకుంది, గోడ వైపు తిరిగి.

నేను పెరట్లోకి వెళ్ళి రారోటోంగాకు ఫోన్ చేశాను. ఐదో ఫారం భూగోళంలో నాకొచ్చినవి పదకొండు మార్కులు. అయినా మట్టికి డాక్టరైనవాడికి నియూ ఏ పక్కన ఉందో చెప్పాను. ఆయన చాలాసేపు క్షమాపణలు చెప్పాడు.

"ఇకమీదట ఉత్తరం పంపేముందు నాకు పంపండి. పైన నేను రాసి పెడతాను" అన్నాను.