అడుగు నల్లా మేస్త్రి

గగన్‌పహాడ్‌లో, విమానాలు నెత్తిమీదుగా దిగే చోట, మేము పడవలు తయారుచేసేవాళ్లం. నేను వాటిమీద పేర్లు రాసేవాణ్ని. నావల్ల ఏ పడవా తేలదు, మునగదు. మా మేస్త్రి పని అలా కాదు. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల కోసం పడవ అడుగున రంధ్రం చేసి, దానికి ఇత్తడి నల్లా బిగించేవాడు. దగ్గర్లో చెరువు లేదు కనుక పడవలోనే నీళ్లు పోసి, కిందికి దూరి, నల్లా చుట్టూ అరచేత్తో తడిమేవాడు. "జర చెమ్మ తగిలినా నల్లా మల్ల విప్పుడే," అనేవాడు.

ఒకసారి మేము పడవ దింపడానికి వెళ్లిన చెరువు గట్టున, దాన్ని కొనే ఆసామి మేస్త్రితో పేచీ పెట్టాడు. "ముందు నువ్వు కూసోని ఒక చక్కర్ కొట్టు. లేకుంటే వాపస్ తీస్కపో."

మేస్త్రికి నీళ్లంటే భయం. ఈత రాదు. నావైపు చూశాడు.

"నాకూ రాదన్నా," అన్నాను, ధైర్యం చెబుతున్నట్టు.

ఎక్కాడు. ఆసామి మనిషి పడవ నడుపుతుంటే, నల్లా మీద అరచెయ్యి ఆనించి, తల ఎత్తకుండా చెరువంతా తిరిగొచ్చాడు. పడవ అమ్ముడుపోయింది.

"చెరువెట్లున్నదన్నా?" అని అడిగాను.

"చెరువెవడు చూసిండు తమ్మీ? నడిమిట్ల చెయ్యి తడిసింది. నల్లా కారుతున్నదని జాన్ పోయింది. తీరా చూస్తే నా చెమటే."